దూప లేని మనిషి

“ఇది నా మెడల కూసొని ఏం జేస్తది సారూ?” అని అడిగింది భూలక్ష్మి.

ప్రొఫెసర్ పరాంకుశం నవ్వారు. ఆయన అరచేతిలో వడ్లగింజంత వెండిరంగు వస్తువు ఒకటి ఉంది. “అదంతా మీరు తెలుసుకోవాల్సిన పని లేదమ్మా. దీని గొప్పతనమే అది. మీరేమీ చదవక్కర్లేదు, ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. దాని పని అది చేసుకుపోతుంది, మీరు హాయిగా ఉంటారు.”

అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వేవాళ్ళను భూలక్ష్మి జీవితమంతా చూసింది. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. టికెట్ ఏదని అడిగితే కిటికీలోంచి బయటకు చూసి నవ్వినవాళ్ళను ఆమె ఎప్పుడూ వదల్లేదు. ఆ రోజు మాత్రం వదిలేసింది. ప్రొఫెసర్ పక్కన తెల్లకోటు వేసుకుని నిలబడ్డది ఆమె కూతురు కావేరి. కూతురి కళ్ళలో వెలుగు చూసి తల్లి మెడ వంచింది. తర్వాత ఆమె భర్త ఓదెలు వంచాడు. ఆ వారంలోనే నల్లవాగు కాలనీలో ముసలివాళ్ళు చాలామంది మెడలు వంచారు.

నల్లవాగు కాలనీ బొగ్గుగనుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళది. అంతకుముందు రెండేళ్ళు కావేరి ఆ కాలనీలోనే తిరిగింది. గోడలకు బొమ్మలు అతికించింది, కార్మికుల క్లబ్బులో మీటింగులు పెట్టింది. ఉప్పు తగ్గించండి, నడవండి, గోళీలు ఆపకండి అని చెప్పింది. అందరూ తలలూపేవారు. ఇంటికి పోయి ఎప్పటిలాగే తినేవారు. బీపీ గోళీ తలనొప్పి వచ్చినప్పుడే వేసుకోవాలనుకునేవారు కొందరు, షుగరు తగ్గిందని మందు మానేసేవారు కొందరు.

“చెప్పి మార్చడం దూరం దారి కావేరీ” అన్నారు ప్రొఫెసర్ ఒకరోజు పరిశోధనశాలలో. “మా అమ్మ పొద్దుటి మందూ రాత్రి మందూ కలిపి మింగి చనిపోయింది. ఆవిడ తెలివితక్కువది కాదు, ఎవరూ ఆవిడకు అర్థమయ్యేట్టు చెప్పలేదు. లోకంలో ఉన్న ముసలివాళ్ళందరికీ అర్థమయ్యేట్టు చెప్పేవాళ్ళను మనం ఎక్కణ్ణుంచి తెస్తాం? తెలివిని పక్కన పెట్టి నేరుగా అలవాటునే ఇచ్చేద్దాం.”

అలా పుట్టింది ‘తోడు’. మెడలోంచి గుండెకూ పొట్టకూ దిగే నరం పక్కన అది కూర్చుంటుంది. ఆకలి, దాహం, నిద్ర, కంగారు, అన్నింటి వార్తలూ ఆ దారినే మెదడుకు పోతాయి. తోడు ఆ వార్తలను సవరిస్తుంది.

ఎలా సవరిస్తుందో ఓదెలు పళ్ళెంలో కనిపించింది. గనిలో నలభై ఏళ్ళు డంపరు లారీ నడిపిన ఓదెలుకు మామిడికాయ తొక్కు పచ్చడి లేనిదే ముద్ద దిగేది కాదు. తోడు పెట్టిన కొన్నాళ్ళకే పళ్ళెం పక్కకు తోశాడు.

“ఏందే ఇది? బురద లెక్కున్నది.”

“నువ్వు కారం ఎక్కువెయ్యమంటేనే వేసిన.”

“వద్దు. తీసెయ్.”

గుండె బలహీనమై కాళ్ళు వాచే ఓదెలుకు డాక్టర్లు నీళ్ళు తక్కువ తాగమని ఎప్పుడో చెప్పారు. అతను వినేవాడు కాదు, బాత్రూంలో దూరి చెంబుతో తాగి మూతి తుడుచుకుని వచ్చేవాడు. ఇప్పుడు కుండ పక్కనుంచే నడిచి వెళ్ళినా దాని వైపు చూడడు. “దూప అయితలేదే” అనేవాడు వింతగా. దూప అంటే ఆ ప్రాంతంలో దాహం. తెల్లవారకముందే ఇద్దరి కాళ్ళూ వాటంతట అవే గుమ్మం దాటేవి. కాలనీ రోడ్డు మీద ముసలివాళ్ళంతా ఒకే వేగంతో నడుస్తుంటే పాలవాళ్ళు బండ్లు ఆపి చూసేవారు. వాచిన పాదాలు తగ్గాయి. షుగర్లు దిగాయి. టీవీవాళ్ళు వచ్చి నల్లవాగును ‘ఆరోగ్యాల వాడ’ అన్నారు. భూలక్ష్మి ముఖం కూడా టీవీలో కనబడింది.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఓదెలు అన్నాడు: “నువ్వు నన్ను తిట్టక ఎన్ని దినాలైందే?”

భూలక్ష్మి ఆలోచించింది. గుర్తు రాలేదు. “తిట్టబుద్ధి అయితలేదయ్యా” అంది.

“నాకైతే ఇల్లు సప్పగున్నది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు కూడా తొందరగానే చల్లారింది.

*

ఎండాకాలం ముదిరిన రోజులు. ఒక పెళ్ళిలో తిన్నది పడక ఓదెలుకు పొద్దుటినుంచి మోషన్లు మొదలయ్యాయి. కాళ్ళవాపు తగ్గించే నీళ్ళగోళీ అలవాటుగా మింగేశాడు. ఒంట్లో నీరు పోతుంటే అది కూడా నీటిని బయటికి తోసే మందేనని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేని రోజులు వచ్చాయని అందరూ అనుకున్నారు.

భూలక్ష్మి సల్ల, అంటే పలుచటి మజ్జిగ, కలిపి గ్లాసు తెచ్చింది.

“వద్దే. దూప అయితలేదు.”

“ఒక్క గుక్క తాగయ్యా. ఒళ్ళు గుంజుకపోతాంది.”

“తాగితే కక్కొస్తది. నాకు మంచిగనే ఉన్నది.”

మధ్యాహ్నానికి అతని నాలుక ఎండి తెల్లబారింది. కళ్ళు లోపలికి పోయాయి. కూతురి పేరు బదులు ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరు పలికాడు. భూలక్ష్మి పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ఆమెకు అంతా కనిపిస్తూనే ఉంది. కనిపిస్తున్నదాని మీదికి భయం మాత్రం రాలేదు. లేవాలనీ, అరవాలనీ, పక్కింటి రషీదన్నను పిలవాలనీ లోపల ఎక్కడో చిన్న అల లేస్తుంది. లేచినంతలోనే ఎవరో చల్లటి చేత్తో నిమిరినట్టు అణిగిపోతుంది. ‘పడుకుంటే తగ్గుతది’ అనిపించింది ఆమెకు. విసురుతూ కూర్చుంది.

రషీద్ భాయ్ వచ్చాడు. ఓదెలుతో పాటు గనిలో పనిచేసినవాడు. అతని మెడలోనూ తోడు ఉంది. అతనూ గుమ్మంలో నిలబడి నెమ్మదిగా, “క్యా భాయ్, పడుకున్నవా?” అని అడిగి, జవాబు రాకపోతే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముగ్గురు ముసలివాళ్ళు ఆ గదిలో ఎంతో ప్రశాంతంగా ఉన్నారు. చివరకు అంబులెన్సుకు ఫోన్ చేసింది వీధిలో కూరగాయలమ్మే మనిషి. డబ్బుల కోసం గుమ్మంలోకి తొంగిచూసి ఆమె పెట్టిన కేకకే ఇంట్లోవాళ్ళు లేచి నిలబడ్డారు.

ఓదెలు ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే పోయాడు.

చావింట్లో భూలక్ష్మి ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళిచ్చింది, చాపలు పరిపించింది. “ఎంత నిబ్బరం గల మనిషి” అని బంధువులు మెచ్చుకున్నారు. కావేరి మాత్రం తల్లిని చూసి వణికిపోయింది. ఆ నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడున్నవాళ్ళలో ఆమె ఒక్కదానికే తెలుసు.

*

కర్మకాండలు ముగిసిన మర్నాడు కావేరి తల్లి ముందు నేలమీద కూర్చుంది.

“అమ్మా, బాపు తోడు తీసి చూసిన.”

“పాడైందా?”

“పాడు కాలేదు. మంచిగనే పనిచేసింది. మేమెట్ల చెప్తే అట్లనే చేసింది.” అంది కావేరి. “మోషన్లతోని ఒంట్ల నీళ్ళు పోయినయి. నీళ్ళు పోతే గుండె ఉరుకుతది. గుండె ఉరుకుడు చూసి, దాని మీద బరువు పడుతున్నదని తోడు అనుకున్నది. అందుకే దూపను ఇంకా గట్టిగ బిగవట్టింది. బాపుకు సముద్రమంత దూప అయి ఉంటది. ఆయన దాకా రానియ్యలేదు.”

భూలక్ష్మి వింటోంది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

“మరి నేను? ఆయన కండ్లు గుంటలు పడుతుంటే నేనేం జేసిన?”

“కంగారు పడితే నీ బీపీ పెరుగుతదమ్మా. అందుకని నీది నీ కంగారును ఆపింది.”

“ఆపింది” అని మెల్లగా పలికింది భూలక్ష్మి. తర్వాత ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు. “నా మొగడు పోతుంటే నాకు రావలసిన భయం నాది కాకుండ పోయింది. ఆయన మీద నాకు రావలసిన దుఃఖం సుత ఇంకా రాలే. అవన్నీ ఎక్కడున్నయి బిడ్డా?”

భూలక్ష్మి లేచి చెప్పులు వేసుకుంది.

“పద. నాది బంద్ చేయి.”

*

ప్రొఫెసర్ పరాంకుశం తన గదిలో లేచి నిలబడి వాళ్ళను ఆహ్వానించారు. ఆయన నిజంగానే నలిగిపోయి ఉన్నారు. ఓదెలు మరణం ఆయన్ను నిద్రపోనివ్వలేదు. కొత్త తోడులో విరేచనాలను గుర్తుపట్టే ఏర్పాటు అప్పటికే మొదలుపెట్టారు.

“ఈ లోపం మళ్ళీ రాదమ్మా. మాట ఇస్తున్నాను.”

“ఇది రాదు సారూ. రేపు ఇంకొకటి వస్తది. దానికి ఎవరో ఒకరు పోతరు, అప్పుడు అది సుత సరిచేస్తరు.”

“మీది ఆపేస్తే మీ ఆకలి ఒక్కసారి తిరగబడుతుంది. షుగరు పెరుగుతుంది. మీకు ప్రమాదం. డాక్టరుగా నేను ఒప్పుకోలేను.”

“మెడ నాది.”

“భూలక్ష్మిగారూ, ఈ తోడు వల్ల ఆ కాలనీలో ఎంతమంది బతికి ఉన్నారో తెలుసా?”

“తెల్వది. నాకేదీ తెల్వకుండ చేసుడేనాయె మీ యంత్రం పని.” ఆమె గొంతు పెరగలేదు. పెరగనివ్వడం లేదని ఆమెకు తెలుసు. “మా కావేరి మాకు చెప్పలేకపోయింది, మేము వినలేకపోయినం. అది మా తప్పో ఆమె తప్పో, ఇద్దరి తప్పో. అయితే మళ్ళ చెప్పాలె. ఇంకో తీరు చెప్పాలె. చెప్పుడు కష్టమని మా మెడలు పట్టుకుంటరా?”

ప్రొఫెసర్ కావేరి వైపు చూశారు, ఆమె అడ్డు చెబుతుందని. కావేరి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న పలకలాంటి యంత్రాన్ని ఆమె మెడ దగ్గర పెట్టి తోడును ఆపేసింది.

మొదట ఏమీ జరగలేదు. భూలక్ష్మి లేచి వరండాలోకి నడిచింది. మెట్ల దగ్గర ఎవరో ముసలాయన సీసా ఎత్తి గటగట నీళ్ళు తాగుతున్నాడు. గొంతు కదులుతోంది, నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి. ఆమె చూస్తూ ఆగిపోయింది. మెట్టు మీద కూలబడింది.

“ఓ ఓదెలూ... సల్ల తాగవైతివి గదరా...”

ఆ కేక ఆ భవనం అంతస్తులన్నింటిలోనూ వినిపించింది. తలుపులు తెరుచుకున్నాయి. పరిశోధకులు, గుమాస్తాలు, టెస్టులకొచ్చిన రోగులు బయటికొచ్చి నిలబడ్డారు. భూలక్ష్మి రొమ్ము బాదుకుంటూ, భర్తను ‘అరే’ అనీ ‘ఓరి నా కొడుకా’ అనీ పిలుస్తూ, ఇన్నాళ్ళుగా తిట్టని తిట్లన్నీ తిడుతూ ఏడ్చింది. కావేరి తల్లిని గుండెకు హత్తుకుని తానూ ఏడ్చింది. గది తలుపు దగ్గర నిలబడ్డ ప్రొఫెసర్ ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ ఆగిపోయారు. అక్కడ ఆయన చేయగలిగిన సాయం ఏదీ లేదు.

*

ఆ తర్వాతి రోజులు చాలా కష్టంగా గడిచాయి. అన్నం తిన్నా ఆకలే, బెల్లం డబ్బా మూత తీసి పెట్టడమే. కాళ్ళు పొద్దున మంచం దిగనన్నాయి. షుగరు పెరిగింది. ఒకరోజు కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకుని, “బిడ్డా, మళ్ళ ఆన్ చేస్తవా?” అని తానే అడిగింది. కావేరి లేవబోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

“వద్దు. అలిసిపోయి అన్న. నాకు చెప్పు. నా ఒంట్ల ఏమైతాంది?”

కావేరి మొదలుపెట్టింది: “శరీరంలో ఇన్సులిన్ నిరోధకత వల్ల రక్తంలో గ్లూకోజు...”

“ఆగు. నువ్వెవలికి చెప్తున్నవు?”

“నీకే.”

“నాకు కాదు. మీ ప్రొఫెసరుకు చెప్తున్నవు. నాకు చెప్పు.”

కావేరి చాలాసేపు ఆలోచించింది. పరీక్షల్లో కూడా ఆమె అంతగా ఆలోచించలేదు. “నువ్వు బస్సుల ఉన్నప్పుడు... జనం ఎక్కుతనే ఉంటరు, ఎవరూ దిగరు. దిగే తలుపు బిగుసుకపోయింది అనుకో.”

“మ్.”

“జనమంటే చక్కెర. బస్సంటే నీ నెత్తురు. నెత్తురు దిగి కండల్లకు పోవాల్సిన చక్కెరకు ఆ తలుపు బిగుసుకున్నది. నడిస్తే తలుపు కొంచెం వదులైతది. గోళీ సుత వదులు చేస్తది. బెల్లం తింటే ఇంకింత మంది ఎక్కుతరు.”

“ఇగ నేను చెప్తా, ఇను. తప్పైతే ఆపు.” భూలక్ష్మి తన మాటల్లో తిరిగి చెప్పింది. రెండు చోట్ల తప్పింది. గోళీ మింగితే నడవక్కర్లేదనుకుంది. కావేరి సరిచేసింది. మళ్ళీ చెప్పింది. ఈసారి వచ్చింది. అప్పుడు బెల్లం డబ్బా తీసి చూసి, చిన్న ముక్క విరుచుకుని నోట్లో వేసుకుని, మిగతాది పైన పెట్టింది.

“తిన్నవేందమ్మా!”

“తెలిసే తిన్న. ఈ ముక్కకు సాయంత్రం ఇంకో చుట్టు నడుస్త. నా మొగడు పోయిండు, నాలుకన్న నాది నాకు ఉండనీ.”

ఆ మర్నాడు ఆమె క్లబ్బు తాళం తీయించి కాలనీవాళ్ళను పిలిచింది. మొదట వచ్చింది కొద్దిమందే. రషీద్ భాయ్ వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“చెల్లే, నాకు తెలుసుకునుడు వద్దు. బతుకుడు కావాలె. ఈ తోడుతోని నా కాళ్ళు మంచిగైనయి. ఎందుకు తీయాలె?”

“తీయమని ఎవరన్నరు రషీదన్నా? అది నీకేం చేస్తాందో తెలుసుకోమంటున్న. తెలిసినంక ఉంచుకుంటవా తీస్తవా నీ ఇష్టం.”

“ఓదెలు దగ్గర నేను కుర్చీ ఏసుకొని కూసున్న...” అని రషీద్ భాయ్ ఆగిపోయాడు. అతని ముఖం ఏడవడానికి సిద్ధమై, మళ్ళీ మామూలుగా అయిపోయింది. ఆ మార్పును క్లబ్బులో ఉన్నవాళ్ళంతా చూశారు. కాసేపటికి అతనే ముందు బెంచీ మీదికి వచ్చి కూర్చున్నాడు. “నీళ్ళగోళీ సంగతి చెప్పు బేటీ” అన్నాడు కావేరితో. “మోషన్లు అయినప్పుడు ఏం చేయాలె?”

“ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యాలె చిచ్చా. నీళ్ళగోళీ ఆ రోజు ఆపాల్నా, ఎన్ని నీళ్ళు తాగాలె అని అడగాలె. రోజూ తక్కువ తాగేటోళ్ళకు ఆ రోజు లెక్క వేరే.”

“లెక్క వేరే” అని తిరిగి పలికాడు రషీద్ భాయ్. “గీ ఒక్క ముక్క మాకు తెలిసుంటే...”

కావేరి చేత ఆ సంగతి ఇంకోసారి చెప్పించుకున్నాడు.

క్లబ్బు నిండడానికి ఆ వర్షాకాలమంతా పట్టింది. కావేరి ఒక సంగతి చెప్పడం, ముసలివాళ్ళు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పడం, తప్పితే నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టడం. కొందరు తోడు ఆపించుకున్నారు. వాళ్ళలో కొందరు మళ్ళీ ఆన్ చేయించుకున్నారు. ఒకామె తోడు ఆపాక తిండి అదుపు తప్పి ఆసుపత్రి పాలైంది. ఆమె కొడుకు క్లబ్బు ముందుకొచ్చి భూలక్ష్మిని నానా మాటలూ అన్నాడు. భూలక్ష్మి ఆసుపత్రికి వెళ్ళి ఆ మనిషి మంచం పక్కన కూర్చుంది. ఎక్కడ తప్పిందో ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు.

*

ఇంతలో తోడు వేరే జిల్లాలకూ చేరింది. అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళందరికీ దాన్ని పెట్టాలన్న ప్రభుత్వ ప్రతిపాదన మీద హైదరాబాదులో విచారణ జరిగింది. కమిటీ సభ్యులు ఎత్తైన బల్ల వెనక కూర్చున్నారు. వేర్వేరు జిల్లాల్లో తోడు పెట్టించుకున్న ముసలివాళ్ళను సాక్షులుగా పిలిపించి వరసల్లో కూర్చోబెట్టారు. వాళ్ళంతా నున్నగా, ఆరోగ్యంగా, కదలకుండా ఉన్నారు.

ప్రొఫెసర్ దాచిందేమీ లేదు. ఓదెలు మరణం గురించి ఆయనే ముందు చెప్పారు. తర్వాత తెర మీద గీతలు చూపించారు. తోడు ఉన్నవాళ్ళ బీపీ, షుగరు ఒకవైపు. నల్లవాగులో ఆపించుకుని క్లబ్బుకు వెళ్ళేవాళ్ళవి మరోవైపు. తోడు ఉన్నవాళ్ళవే బాగున్నాయి.

“జ్ఞానం మంచిదే” అన్నారాయన. “కానీ నెమ్మదిది. అంతలో మనుషులు పోతారు.”

నల్లవాగు తరఫున వచ్చిన భూలక్ష్మిని కమిటీ అధ్యక్షురాలు మాట్లాడమంది. భూలక్ష్మి మైకు పక్కకు జరిపింది. రద్దీ బస్సులో వెనక సీటుదాకా వినిపించిన గొంతుకు మైకు అవసరం లేదు.

“సారు చూపెట్టింది నిజం. మా షుగర్లు వాళ్ళకన్న ఎక్కువే. నాది సుత ఎక్కువే. నేను అబద్ధం చెప్పను.” ఆమె వరసల్లో కూర్చున్నవాళ్ళ వైపు తిరిగింది. “అన్నా, అక్కా, మీ అందరికీ దండం. ఒక్క మాట అడుగుత. మీ మెడలున్నది మీకేం చేస్తాందో ఎవలన్న ఒక్కరు లేచి చెప్పుండ్రి.”

ఎవరూ లేవలేదు.

“పోనీ, ఏ దినం దాని మాట వినొద్దో చెప్పుండ్రి.”

రెండో వరసలో ఒక పెద్దావిడ నోరు తెరిచి, ఏదో వెతుక్కున్నట్టు చూసి, మూసుకుంది. తన చేతిని మెడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడే ఉంచింది. ఆమె పక్కనున్నాయన కూడా మెడ తడుముకున్నాడు. అలా వరస వెంట వరస చేతులు మెడల మీదికి వెళ్ళాయి.

“మా ఆయన తొక్కు మానిండు, నీళ్ళు తగ్గించిండు, తెల్లారకముందే లేచి నడిచిండు. అన్నీ మంచి అలవాట్లే. ఒక్కటి సుత ఆయనది కాదు. ఆయనది అయి ఉంటే, కడుపు జారిన దినం ‘ఇయ్యాల లెక్క వేరే’ అని ఆయనకే తెలిసేది. మీరు మా ఆయుష్షు పెంచిండ్రు సారూ, కాదనను. ఆ ఆయుష్షుల మేము లేకుండ పోయినం.”

ప్రొఫెసర్ లేచారు. “మీరు చెప్పినట్టు చేస్తే, తోడుతో బతకాల్సిన కొందరు చనిపోతారు. ఆ బాధ్యత ఎవరిది?”

హాలంతా ఆమె వైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెను నిజంగానే తాకింది. ఆసుపత్రి మంచం మీది ఆ మనిషి ముఖం కళ్ళ ముందు మెదిలింది.

“పోతరు సారూ. అది నాకు తెలుసు, నిద్ర పట్టనిస్తలేదు. అందుకే తోడును పగలగొట్టమంటలేను. కావాలన్నోళ్ళకు పెట్టుండ్రి. పెట్టేముందు వాళ్ళకు అర్థమయ్యేదాకా చెప్పుండ్రి. అర్థమైందో లేదో వాళ్ళ నోటితోనే తిరిగి చెప్పించుండ్రి. బంద్ చేసే మీట వాళ్ళ చేతిలనే పెట్టుండ్రి. ఇంకొకటి, భయాన్ని ముట్టుకోవద్దు. దుఃఖాన్ని ముట్టుకోవద్దు. అవి రోగాలు కావు.”

“అంతమందికి అంత వివరంగా చెప్పడం సాధ్యమేనా?” అని అడిగాడు కమిటీలో ఒకాయన.

“వడ్లగింజంత యంత్రంతోని మనిషి దూపను ఆపుడు సాధ్యమైంది గద సారూ. కూసొని మాట్లాడుడు కాదా?”

తీర్పు ఆ రోజు రాలేదు. వచ్చినప్పుడు ఆమె అడిగినదంతా అందులో లేదు. కానీ అందరికీ పెట్టాలన్న ప్రతిపాదన ఆగిపోయింది. తోడు పెట్టేముందు మనిషికి వివరించి, అతని మాటల్లోనే తిరిగి చెప్పించాలన్నారు. ఆపే మీట అతని దగ్గరే ఉండాలన్నారు. కంగారును అణిచే పని నిషేధించారు. ఎలా వివరించాలో నిర్ణయించే బాధ్యత ప్రొఫెసర్ పరాంకుశానికే అప్పగించారు.

ఆయన భూలక్ష్మికి ఫోన్ చేశారు. పరిశోధనశాలకు వచ్చి సాయం చేయమనీ, కారు పంపిస్తాననీ అన్నారు.

“నేను రాను సారూ” అంది భూలక్ష్మి. “మీరే రాండ్రి. ఆదివారం క్లబ్బుల అందరం ఉంటం.”

“వస్తాను” అన్నారాయన.

ఆదివారం ఆయన ఒక్కరే బస్సు దిగి వచ్చారు. క్లబ్బు కిటకిటలాడుతోంది. కుర్చీలన్నీ నిండిపోయి గుమ్మాల్లోనూ నిలబడ్డారు. తెర, బొమ్మలు వేసే యంత్రం ఆయన చేతిసంచిలో ఉన్నాయి. వాటిని పెట్టుకునే బల్ల కోసం ఆయన అటూ ఇటూ చూస్తుంటే, భూలక్ష్మి తన పక్కన బెంచీ మీద జరిగి చోటు ఇచ్చింది.

“అవి వద్దు సారూ. ఇట్ల కూసొని చెప్పుండ్రి.”

ఆయన కూర్చున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. ఎన్నో దేశాల సభల్లో మాట్లాడిన మనిషి గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

“మన మెడలో ఒక నాడి ఉంటుంది. అది అనుసంధానించే...”

“ఆగుండ్రి సారూ” అన్నాడు ముందు వరసలోంచి రషీద్ భాయ్. అతని తోడు ఇంకా మెడలోనే ఉంది, మీట చొక్కా జేబులో ఉంది. “అనుసంధానించే అంటే?”

ప్రొఫెసర్ చుట్టూ ఉన్న ముఖాలను మొదటిసారి ఒక్కొక్కటిగా చూశారు. ఎవరూ నవ్వడం లేదు, ఎవరికీ తొందర లేదు. ఎంతసేపైనా కూర్చోవడానికి వచ్చినట్టున్నారు.

ఆయన మళ్ళీ మొదలుపెట్టారు.